దొరసాని వడ్డాణం

అక్టోబర్ 21, సోమవారం

ఉత్తరం తలుపుకి అతికించి పోయారు. ఎదురుపడి ఇవ్వడానికి మొహం చెల్లలేదు కాబోలు. బళ్ళే ఇళ్ళుగా ఉండేవాళ్ళ ఈ పార్కు చేతులు మారాక వచ్చిన కొత్త మేనేజరు కెండ్రా సంతకం ఉంది కింద. పదేళ్ళు దాటిన మోటర్‌హోములు ఇకమీదట ఇక్కడ ఉండకూడదట. ఉండాలంటే నవంబర్ పదిహేనున తనిఖీలో నెగ్గాలట. ఒకటి, రంగు వెలిసి ఉండకూడదు. రెండు, లోహపు పట్టీలు మసకబారి ఉండకూడదు. మూడు, పట్టించుకోకుండా వదిలేసిన సొట్టలు ఉండకూడదు. నాలుగోది కూడా ఉంది.

నా బండికి నలభై అయిదేళ్ళు. డెల్బర్ట్ దానికి దొరసాని అని పేరు పెట్టాడు. నడుం చుట్టూ తిరిగే అల్యూమినియం పట్టీని దొరసాని వడ్డాణం అనేవాడు. ఈ పద్నాలుగో నంబరు జాగాలో ఇద్దరం పదేళ్ళున్నాం, ఆయన పోయాక ఒక్కదాన్నే రెండున్నరేళ్ళుగా ఉంటున్నాను. ఈ అరిజోనా ఎండకి నేనూ వెలిసిపోయాను. నన్ను కూడా తనిఖీ చేస్తారేమో చూడాలి.

కాన్సస్‌లో ఇరవై ఏడేళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని. వెనక అరవై మంది పిల్లలు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే మంచులో నడిపాను. ఈ పిల్ల అతికించిన కాగితానికి జడుస్తానా? పోను. పోనంటే పోను.

అక్టోబర్ 22

మా చెల్లెలు నడీన్ ఫోను.

"ఎందుకే నీకా మొండితనం? టొపీకా వచ్చెయ్. మా ఇంటి నేలమాళిగలో గది ఖాళీగానే ఉంది. హీటరు కూడా పెట్టించాం."

"నన్ను నేలమాళిగలో పెట్టడానికి నేనేమన్నా బంగాళాదుంపనా?" అన్నాను.

"అరవై తొమ్మిదేళ్ళొచ్చాయ్ ఇమోజీన్, ఇంకా ఆ నోరు తగ్గలేదు నీకు" అంది. తగ్గలేదు.

అక్టోబర్ 26

మూడు రోజులుగా వడ్డాణం తోముతున్నాను. డ్రిల్లుకి గుడ్డ చక్రం తగిలించి, పాలిష్ ముద్ద రాసి, భుజాలు పడిపోయేదాకా. మెరుపు లేదు సరికదా, ఇంకా బూడిదగా తయారైంది. డెల్బర్ట్ ఎప్పుడో దాని మీద వెండి రంగు కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియాలి.

తలుపు పక్కన కుడివైపు ముక్కకి సొట్ట పడింది, ఇప్పుడు పైకి కనపడదు గానీ. అదీ డెల్బర్ట్ పుణ్యమే. 2008లో నీడిల్స్ ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర స్తంభానికి తగిలించాడు. మలుపు అంచనా ఎప్పుడూ తెలిసేది కాదు ఆయనకి.

అక్టోబర్ 27, ఆదివారం

పదిహేనో నంబరు హార్లన్ క్విస్ట్ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు, నా పాట్లు చూడ్డానికి. విచిటాలో విమానాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు రేకులు బిగించిన మనిషి. అల్యూమినియం తన మేనత్త కూతురైనట్టు మాట్లాడతాడు.

"ఏంటమ్మా, దానికి చక్కిలిగింతలు పెడుతున్నావా?"

"నోర్ముయ్. నాలుగు రోజుల్నుంచి రుద్దుతున్నా. లోహం చచ్చిపోయింది."

"లోహం చావదు. నువ్వసలు దాన్ని ఇంకా ముట్టుకోలేదు. పైనున్నది మీ ఆయన కొట్టిన రంగు. అది పోయినా దాని కింద ఫ్యాక్టరీ వాళ్ళు ఎక్కించిన పొర ఉంటుంది, గాజంత గట్టిది. దాని మీద నువ్వు క్రిస్మస్ దాకా రుద్దినా నీ చెయ్యే అరుగుతుంది."

"ఆ ముక్క మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగలేదుగా. అదీకాక చూడ్డానికి సరదాగా ఉంది."

చేతిలో ఉన్న గుడ్డ మొహాన కొట్టాను. అప్పుడు చెప్పాడు. ముందు రంగు గీకెయ్యాలి. తరవాత ఓవెన్ కడుక్కునే నురుగు కొట్టి, కాసేపాగి నీళ్ళు పొయ్యాలి. దాంతో పొర ఊడుతుంది. ఆ మీద ఉప్పు కాగితం, ముందు గరుకుది, తరవాత నున్నటిది, ఎప్పుడూ ఒకే దిక్కుకి. గ్లౌజులు వేసుకోకపోతే నా తోలు కూడా పొరతోపాటు ఊడొస్తుందట.

లేచి వెళ్తూ వెళ్తూ చక్రాల కేసి చూశాడు. "అది సరే, ఇంజను ఎప్పుడు స్టార్ట్ చేస్తావ్?"

"కాఫీ తాగుతావా?" అన్నాను.

"నాలుగో రూలు చదివావా? బండి యజమానే నడపాలి. గేటు దాటించి, రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి, మళ్ళీ జాగాలో పెట్టాలి. నువ్వు స్టీరింగు ముట్టుకోగా నేనెప్పుడూ చూళ్ళేదే. ఎప్పుడూ డెల్బర్టే నడిపేవాడు."

"నాకు చదవడం వచ్చు హార్లన్. కాఫీ తాగుతావా, లేదా?"

తాగాడు.

అక్టోబర్ 28

గ్లౌజుకి మణికట్టు దగ్గర చిల్లుంది. నురుగు దూరి చెయ్యి కాలింది. హార్లన్‌కి చెప్పను.

అక్టోబర్ 31

పట్టీలు అన్నీ విప్పాను. మధ్యలో ఉండే రబ్బరు బద్ద లాగితే దాని కింద వరసగా స్క్రూలు. ఉన్న నూట పన్నెండులో ఇరవై మూడు తల తెగి వచ్చాయి. వెనకాల ఎండిపోయిన లప్పం, దాన్ని ప్లాస్టిక్ గరిటెతో గోకాను. ఇనప గరిటె వాడితే గోడ రేకు చిల్లులు పడుతుంది. చెక్క మటుకు పొడిగా ఉంది. దొరసాని ఎముకలు గట్టివి.

బల్ల మీద మొదటి ముక్క పెట్టి, రంగు గీకి, నురుగు కొట్టి, నీళ్ళు పోసి, మూడు రకాల కాగితాలతో రుద్ది, పాలిష్ పట్టాను. గుడ్డ నల్లగా అయింది. నల్లగా వస్తోందంటే లోహం తగిలిందని లెక్క. చివర్న ఆ నలుపు పోవడానికి హార్లన్ చెప్పినట్టు రొట్టెల పిండి చల్లి తుడిచాను. వంటింట్లో పిండి వాడి రెండున్నరేళ్ళయింది, ఇవాళ దీనికి పనికొచ్చింది.

తుడవగానే అందులో ఒక ముసల్ది కనపడింది. ముక్కు మీద నల్లటి మరక, నెత్తి మీద పిండి. బతికే ఉంది. సంతోషం వేసింది. సంతోషం వేసిందని రాస్తున్నాను, ఎందుకంటే చాన్నాళ్ళయింది.

నవంబర్ 2

శనివారం అందరం తలో వంటకం తెచ్చుకుని తినే రోజు. నేను బీన్స్ కూర పట్టుకెళ్ళాను. నా పట్టీల సంగతి పార్కంతా తెలిసిపోయింది. హార్లన్ బండికి జనవరిలో పదేళ్ళు నిండుతాయి, ఇరవై రెండో నంబరు వాళ్ళకి మార్చిలో. నాది నెగ్గితే తమవీ నెగ్గుతాయని అందరి ఆశ. ఎవరూ పైకి అనలేదు గానీ నా కంచంలో కోడి ముక్కలు మాత్రం ఎక్కువ పడ్డాయి.

అంతలో ఎవరో డెల్బర్ట్ పేరెత్తారు. "స్తంభంగాడుంటే ఈ మేనేజర్ని నవ్వించి పడేసేవాడు" అన్నారు. ఆయన్ని అందరూ స్తంభం అనేవాళ్ళు, నీడిల్స్ సంగతి తెలిసినప్పటి నుంచీ. ఆ పేరు పెట్టింది హార్లనే. పార్కులో ఆయన బండి వెనక్కి తిప్పుతుంటే "జరగండర్రోయ్, స్తంభాలు జాగ్రత్త" అని కేకలు వేసేవాళ్ళు. ఆయన పోయిన రోజు చర్చిలో కూడా హార్లన్ ఆ కథే చెప్పాడు. అందరూ ఏడుస్తూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇవాళ కూడా నవ్వాను. మలుపు అంచనా తెలిసేది కాదు ఆయనకి.

నవంబర్ 4

బ్యాటరీ చచ్చింది. మరి నేనేం చెయ్యను.

నవంబర్ 5

హార్లన్ కొత్త బ్యాటరీ తెచ్చి బిగించాడు. పాత పెట్రోలు తోడేసి కొత్తది పోశాడు. టైర్లకి గాలి కొట్టాడు. నేనడిగానా?

నవంబర్ 7

కెండ్రా వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా మీద ఒక్క మరక లేదు. ఈ దుమ్ములో ఎలా సాధ్యమో నాకర్థం కాదు.

"మేడమ్, మీరింత శ్రమ పడక్కర్లేదు. పాత బళ్ళు కొనేవాళ్ళు ఒకరు తెలుసు నాకు. ముక్కలు చేసి తీసుకెళ్ళిపోతారు. మీకు ఏ ఇబ్బందీ ఉండదు."

"ముక్కలు చేసా?"

"అంటే, విడిభాగాలకి."

"నిన్నూ విడిభాగాలకి తీసుకుంటారేమో కనుక్కో. కొత్తదానివి, మంచి గిరాకీ ఉంటుంది."

పాపం మొహం ఎర్రబడింది. అయినా వెనక్కి తగ్గలేదు. అది మాత్రం నాకు నచ్చింది. "అసలు ఈ బండి కదులుతుందా? మీరు నడపగలరా? నిజం చెప్పండి."

"ఇరవై ఏడేళ్ళు స్కూలు బస్సు నడిపాను. ఒక్క గీత పడనివ్వలేదు."

తను వెళ్ళిపోయాక చాలాసేపు ఆ మాటే చెవుల్లో తిరిగింది. గీత పడలేదనే అన్నాను. బస్సుకి పడలేదు.

నవంబర్ 9

గోడల రంగుకి మైనం పట్టించడం అయింది, పట్టీల ముక్కలూ అన్నీ అయ్యాయి. ఒక్కటి మిగిలింది. తలుపు పక్కది, కుడివైపుది. ఎందుకు చివరికి పెట్టానని హార్లన్ అడిగితే బల్ల చాలలేదని చెప్పాను.

రంగు గీకాను. రంగు కింద లప్పం. డెల్బర్ట్ ఆ సొట్టని లప్పంతో పూడ్చి, నున్నగా చేసి, తేడా తెలియకుండా బండి చుట్టూ ఉన్న పట్టీ మొత్తానికి రంగు కొట్టేశాడు. ఇన్నేళ్ళూ బద్ధకస్తుడు, పాలిష్ పట్టలేక రంగు పూశాడనుకున్నాను. ఒక్క జానెడు సొట్ట కోసం బండంతా పూశాడు. నేను తలుపు తీసినప్పుడల్లా అది నాకు కనపడకూడదని.

లప్పం రాల్చాను. అడుగున పసుప్పచ్చ గీత. స్తంభం రంగు.

సరే. రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

నేను నడిపాను. నీడిల్స్‌లో స్టీరింగు దగ్గరున్నది నేను. అప్పట్లో సగం దూరం ఆయన, సగం దూరం నేను. బంకులోంచి బయటికి తిప్పుతుంటే డెల్బర్ట్ "ఇంకొంచెం ముందుకి పోనిచ్చి తిప్పు" అన్నాడు. "నాకు నేర్పకు, ఇరవై ఏడేళ్ళు నడిపాను" అన్నాను. అనడం, తిప్పడం, ఆ చప్పుడు. స్తంభానికి అవతల ఒకాయన టైర్లకి గాలి పట్టుకుంటున్నాడు. పక్కన ఆయన కూతురు, నాలుగేళ్ళుంటాయేమో, ఎర్ర చెప్పులు. ఆయన ఆ పిల్లని చెయ్యి పట్టి లాగేశాడు. స్తంభం లేకపోతే ఆ పిల్ల నా చక్రాల కింద ఉండేది. అరవై మంది పిల్లల్ని రోజూ క్షేమంగా ఇళ్ళకి చేర్చినదాన్ని నేను.

చేతులు స్టీరింగు మీంచి ఊడి రాలేదు. డెల్బర్ట్ నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, "జరుగు" అన్నాడు. జరిగాను. బంకతను పరిగెత్తుకొచ్చేసరికి డెల్బర్ట్ నా సీట్లో కూర్చుని ఉన్నాడు. "తప్పు నాదే, చూసుకోలేదు" అన్నాడు. నేను పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాదని అనలేదు.

పార్కుకొచ్చాక కూడా ఆయన అదే చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. వాళ్ళు పేరు పెట్టారు. తొమ్మిదేళ్ళు ఆ పేరుతోనే పిలిచారు, పోయాక కూడా ఆ పేరుతోనే సాగనంపారు. చెప్పాల్సిన రోజులు ఎన్ని వచ్చాయో. ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. ప్రపంచంలో ఎవరి మీదైనా లేచే నా నోరు.

సిగ్గేస్తోంది. దుఃఖం కూడా వస్తోంది, కానీ ముందు సిగ్గు.

నవంబర్ 10

నిన్నటి పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

నవంబర్ 12

హార్లన్ సబ్బు బిళ్ళా, గ్యాసు మంట గొట్టమూ పట్టుకుని హుషారుగా వచ్చాడు. సొట్ట మీద సబ్బు రాసి, మంట చూపించి, సబ్బు నల్లబడగానే ఆపాలట. అప్పుడు అల్యూమినియం మెత్తబడి, చెక్క సుత్తితో కొడితే చెప్పినమాట వింటుందట. "పది నిమిషాల్లో సొట్ట ఉండేదని కూడా తెలీదు" అన్నాడు.

"వద్దు. అలాగే ఉండనీ."

"మూడో రూలు ఉంది. పిచ్చా నీకు?"

"ఇది డెల్బర్ట్ కొట్టింది కాదు, హార్లన్. నేను కొట్టాను. ఆయన తన మీద వేసుకున్నాడు."

మంట ఆపేశాడు.

"తొమ్మిదేళ్ళు ఏడిపించాను వాణ్ణి" అన్నాడు.

"తెలుసు."

"చర్చిలో, పెట్టె ముందు నుంచుని చెప్పాను ఆ కథ. నువ్వు ముందు వరసలో కూచున్నావ్. నవ్వావు."

"నవ్వాను."

సబ్బు బిళ్ళ జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు ఎవరికీ భయపడవని వాడు చెప్పుకునేవాడు అందరికీ" అన్నాడు. వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా వేసుకున్నాడు. నాకు ఇక్కడికి వినపడింది.

నవంబర్ 13

నడీన్ ఫోను చేసింది. ఎత్తలేదు.

మధ్యాహ్నం స్టీరింగు ముందు కూర్చున్నాను. డెల్బర్ట్ సీటు వెనక్కి జరిపి ఉంది, ఆయన కాళ్ళు పొడుగు. రెండున్నరేళ్ళుగా అలాగే ఉంది. ముందుకి లాక్కున్నాను. తాళం తిప్పాను. మూడోసారికి దొరసాని దగ్గింది, తరవాత పలికింది. చేతులు స్టీరింగు మీద అలాగే పెట్టుకున్నాను. ఆపలేదు. పావుగంట కూర్చున్నాను.

నవంబర్ 14

పట్టీలు బిగిస్తుంటే హార్లన్ వచ్చాడు. పలకరింపు లేదు. చేతిలో తుప్పు పట్టని స్క్రూల డబ్బా. నేను పట్టుకున్నాను, తను బిగించాడు. వెనక కొత్త లప్పం టేపు, కోపం ఉన్నా వంకర పోలేదు. చివరికి సొట్ట ముక్క వచ్చింది. దాన్ని వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లోపలి మడతలో మెరవలేదు. చక్రం అందదు అక్కడ" అన్నాడు.

చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని, పాలిష్ అద్దుకుని, తనే రుద్దడం మొదలుపెట్టాడు. గంటసేపు రుద్దాడు. నేను పిండి చల్లాను. మధ్యలో ఒక్కసారి ముక్కు తుడుచుకున్నాడు, మొహమంతా నల్లగా అయింది. ఇద్దరం నవ్వలేదు. కాఫీ ఇచ్చాను. తాగాడు.

నవంబర్ 15, శుక్రవారం

పొద్దున తొమ్మిదికి పార్కంతా కుర్చీలేసుకుని కూర్చుంది, సర్కసు చూడ్డానికొచ్చినట్టు. కెండ్రా బండి చుట్టూ తిరిగింది. వడ్డాణంలో ఆకాశం, కొండలు, కుర్చీల్లో జనం అందరూ కనపడుతున్నారు. కెండ్రా తెల్ల చొక్కా కూడా. సొట్ట దగ్గర ఆగింది.

"ఇది సొట్ట, మేడమ్."

"అవును, సొట్టే."

"మూడో నిబంధన..."

"మళ్ళీ చదువు. పట్టించుకోకుండా వదిలేసిన సొట్ట అని ఉంది. వంగి చూడు. పార్కులో దీన్ని పట్టించుకున్నంతగా ఇంకేదాన్నైనా పట్టించుకున్నారా? చూసి చెప్పు."

వంగింది. సొట్టలో తన మొహం తలకిందులుగా కనపడి ఉంటుంది. తెలియకుండానే జుట్టు సర్దుకుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎలా పడింది?" అంది.

"అందరూ వినండి" అన్నాను. బస్సు గొంతు, వెనక సీటు దాకా వినపడే గొంతు. "డెల్బర్ట్ ఏ స్తంభాన్నీ కొట్టలేదు. నీడిల్స్‌లో బండి నడిపింది నేను. ఆయన నా కోసం అబద్ధం చెప్పాడు, నేను చెప్పనిచ్చాను. ఆ పేరు ఇవాళ్టి నుంచి నాది. ఎవరికైనా నవ్వాలని ఉంటే నా మొహం మీద నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఇరవై రెండో నంబరు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను మెట్లెక్కి సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పాను.

గేటుకి రెండు వైపులా సిమెంటు స్తంభాలు. బయటికెళ్ళాక కుడివైపే తిప్పాలి. హార్లన్ గేటు దగ్గర నుంచుని, విమానాన్ని పిలిచినట్టు రెండు చేతులూ ఊపుతున్నాడు. "చేతులు దించు, నాకు కనపడుతోంది" అని అరిచాను. ఇంకొంచెం ముందుకి పోనిచ్చాను. ఇంకొంచెం. అప్పుడు తిప్పాను. అద్దంలో చూశాను. సొట్టకీ స్తంభానికీ మధ్య మూరెడు ఖాళీ.

చుట్టు తిరిగి వచ్చి పద్నాలుగులో పెట్టాను. ఎవరో చప్పట్లు కొట్టారు. కెండ్రా కాగితం కిటికీలోంచి అందించింది. నాలుగు గళ్ళలోనూ టిక్కులు. మూడో దాంట్లో కొంచెం వంకరగా ఉంది.

"సంతకం అయిందిగా?" అన్నాను.

"అయింది మేడమ్. ఇంక ఇంజను ఆపెయ్యొచ్చు."

ఆపలేదు. రివర్సు గేరు వేశాను.

"ఎక్కడికే?" హార్లన్ అరిచాడు.

"నీడిల్స్‌కి. నా కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వకు."

"జరగండర్రోయ్!" హార్లన్ గొంతు చించుకున్నాడు. "స్తంభం బయల్దేరింది!"

అందరూ కుర్చీలు ఎత్తుకుని పరిగెత్తారు. నవ్వుతూనే పరిగెత్తారు. నాకూ నవ్వొచ్చింది, ఈసారి నిజంగా వచ్చింది.

నవంబర్ 16, నీడిల్స్

స్తంభం అక్కడే ఉంది. దాని మీద నా ఒక్కదాని గీతే కాదు, ఎవరెవరివో ఇరవై దాకా ఉన్నాయి. పెట్రోలు పోయించుకుని అదే మలుపు తిప్పాను. చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ తిప్పాను. బంకతను బయటికొచ్చి, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. లేదన్నాను.

"ఆ సొట్ట భలే మెరుస్తోందండీ. ఎవరు కొట్టారు?"

"నేనే. నీ స్తంభానికే."

రేపు పద్నాలుగుకి వెళ్ళిపోతాను. వెళ్ళేముందు ఒకటి సరిగ్గా రాసిపెట్టాలి, వెనక పేజీల్లో తప్పు రాశాను. డెల్బర్ట్‌కి మలుపులు బాగా తెలుసు. ఈ బండి నడిపినన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఎక్కడా తగిలించలేదు.